చుట్టున్నర

మేనేజరు మూడు బ్రేకు కంపెనీల రంగుల పుస్తకాలు బల్ల మీద పరిచి, శనివారంలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు. ఒకదాని అట్ట మీద వెడల్పాటి డ్రమ్ము, ఇంకోదాని మీద మెరిసే డిస్కు, మూడోదాని మీద నూనెలో మునిగి తిరిగే డిస్కు. క్వారీలో ఉన్న ఆరు టిప్పర్లకూ ముందు ఇరుసు బ్రేకులు తీసేసి ఇంతకన్నా గట్టివి పెట్టాలని పైవాళ్ళు తీర్మానించేశారు. ఏవి పెట్టాలన్నది మాత్రం బ్రేకుల మేస్త్రీకి వదిలేశారు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ బ్రేకు మాట ఎవరెత్తినా చివరికి అతని దగ్గరికే వచ్చి ఆగుతుంది కాబట్టి ఈ మర్యాద అతనికి కొత్తేమీ కాదు. అయినా పుస్తకాలు చంకలో పెట్టుకుని ఆఫీసు మెట్లు దిగుతున్నప్పుడు నడక కాస్త నిదానించింది. చూసేవాళ్ళు ఉంటే చూడనీ అన్నట్టు.

ఈ హడావిడికంతా కారణం ఆ ఆరింటిలో ఒకటైన ఏడో నంబరు బండి. షెడ్డు వెనక ముక్కు చితికి, ముందు అద్దం లేకుండా నిలబడి ఉంది. పోయిన శనివారం రాయి నింపుకుని కొండ దిగుతూ, రెండో మలుపు దగ్గర బ్రేకు అందక, పక్కనున్న మట్టికట్ట ఎక్కి ఆగింది. ఆగింది అనడం కన్నా డ్రైవరు ఆపాడు అనడం న్యాయం. స్టీరింగు ఆ వైపు కోసి ఉండకపోతే బండి నేరుగా కింద రాయి నలిపే క్రషరు దగ్గర పనిచేసే పద్నాలుగు మంది మీదికి పోయేది. అతను కనుబొమ మీద అయిదు కుట్లతో బయటపడ్డాడు. బయటపడ్డాక మెచ్చుకోలు రాలేదు, సస్పెన్షను కాగితం వచ్చింది. చితికిన క్యాబిన్‌లో గేరు మూడులో ఉంది. దిగుడుకి రెండో గేరే వాడాలని గోడ మీద రాసిన నియమం ఉంది. ముందు రోజు తనిఖీ కాగితం మీద 'బ్రేకులు సరిగ్గా ఉన్నాయి' అని మేస్త్రీ సంతకం ఉంది. ఈ మూడూ పక్కపక్కన పెడితే తప్పెవరిదో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. విచారణ కూడా ఈ వచ్చే శనివారమే. అందులో తప్పు ఖాయమైతే బరువు బండి నడిపే పాసు పోతుంది. పాసు పోయిన డ్రైవరును ఏ క్వారీ గేటు దగ్గరా నిలబడనివ్వరు.

ఆ డ్రైవరు మేస్త్రీకి తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. పదకొండేళ్ళ క్రితం ఇతన్ని ఇక్కడ చేర్పించింది కూడా మేస్త్రీయే. అలాంటిది, ఆదివారం భోజనాల దగ్గర భార్య చెల్లెలి గురించి బాధపడుతుంటే, మూడో గేర్లో దిగేవాడికి దేవుడు కూడా బ్రేకు వెయ్యలేడని అనేశాడు. రెండో గేర్లో దిగితే షిఫ్టుకి పన్నెండు ట్రిప్పులు తెమలవని, అందుకే ఆరుగురు డ్రైవర్లూ మూడులోనే దిగుతారని అతనికి తెలుసు. కానీ మన పేరు భద్రంగా ఉన్నప్పుడు ఇలాంటివి సమయానికి గుర్తుకు రావు. తోడల్లుళ్ళ మధ్య సహజంగా ఉండే చిన్న పోటీ ఒకటి లోపలెక్కడో ఉండనే ఉంది.

మేస్త్రీకి ఒక గొప్ప ఉంది. అతని చేతి కింద ముందు చక్రాల బ్రేకు లైనింగు, అంటే డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పట్టీ, నాలుగేళ్ళు వస్తుంది. వెనకవి నాలుగు నెలలకే అరిగిపోతాయి గాని ముందువి మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంటాయని స్టోరు గుమాస్తా అందరి దగ్గరా చెప్తుంటాడు. పక్క క్వారీ వాళ్ళు వచ్చి కిటుకేమిటని అడిగితే మేస్త్రీ నవ్వి ఊరుకునేవాడు. కిటుకు పెద్దదేమీ కాదు. బ్రేకు బిగువు సరిచేసే బోల్టును లైనింగు డ్రమ్ముకు తగిలేదాకా తిప్పి, మళ్ళీ అర చుట్టు వెనక్కి వదలాలి. పుస్తకం చెప్పేది అంతే. మేస్త్రీ వెనక చక్రాలకు అర చుట్టే వదిలేవాడు, ముందు చక్రాలకు చుట్టున్నర. రాళ్ళ దిగుడులో ముందు చక్రం పట్టేస్తే స్టీరింగు చేతికి రాదని, బండి ఎటు చూస్తుంటే అటే లోయలోకి పోతుందని అతని గురువు చెప్పాడు. ఆయన అలా పోయిన బండిని కళ్ళతో చూసినవాడు. డ్రైవర్లకూ అదే ఇష్టం. స్టీరింగు వెన్నలా తిరుగుతుందనేవాళ్ళు.

బుధవారమంతా మేస్త్రీ కొలతల్లో మునిగిపోయాడు. పుస్తకంలోని లెక్క ప్రకారం డిస్కును పట్టే దవడ ఆకారాన్ని పాత రేకు మీద సుద్దతో గీసి, కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్ది, విప్పిన చక్రం లోపల పెట్టి చూశాడు. రిమ్ముకీ రేకుకీ మధ్య చూపుడు వేలు దూరింది, బొటనవేలు దూరలేదు. ఆ సందులో కంకర రాయి ఇరుక్కుంటే ఏమవుతుందో ఒక రాయి పెట్టి తిప్పి చూశాడు. రేకు మెలిపడింది. ఇంకో రేకు కత్తిరించాడు. నూనెలో తిరిగేదానికి ఇరుసే మార్చాలి కాబట్టి ఆ పుస్తకం పక్కన పడేశాడు. వెడల్పు డ్రమ్ము మంచిదే గాని చక్రానికి ఇరవై కిలోలు పెరుగుతుంది, ఆ బరువంతా స్టీరింగు సీలల మీద పడుతుంది. అతని కింద పనిచేసే రెండో మేస్త్రీ పక్కన నిలబడి అన్నిటికీ తలాడించాడు. అతనిది ఎవరేం చెప్పినా తలాడించే తల. సాయంత్రానికి మేస్త్రీ మనసు డిస్కు వైపు మొగ్గింది. దుమ్ము పడకుండా వెనక రేకు మూత ఒకటి తనే చేసి పెట్టుకోవచ్చు అనుకున్నాడు. ఆరు బండ్లకూ అలాంటి మూత వేయించి, దానికి తన పేరు పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

గురువారం డిస్కుల కంపెనీ నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. వచ్చీ రాగానే బూట్లు మార్చుకుని, ఒక ప్లైవుడ్ పలక అడిగి తీసుకుంది. అమ్మే ముందు ఇప్పుడున్నవి ఎలా పనిచేస్తున్నాయో చూస్తానంది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండా, రోజూ నడిచే బండి నడిచేట్టే నడవాలంది. నాలుగో నంబరు బండిని నిండా రాయితో మూడు సార్లు కొండ మీది నుంచి దింపించి, మూడోసారి కింద ఆగగానే చేతిలో ఉన్న వేడి కొలిచే చిన్న మీటరును ఒక్కొక్క చక్రం డ్రమ్ము వైపు చూపించి అంకెలు చదివింది. వెనక ఎడమ మూడు వందల పది. వెనక కుడి మూడు వందల ఇరవై అయిదు. ముందు ఎడమ నలభై ఆరు. ముందు కుడి నలభై నాలుగు.

మీటరు చెడిపోయిందేమోనని మేస్త్రీ అన్నాడు. ఆమె మీటరును తన అరచేతి వైపు పెట్టి చూపించింది. అది బాగానే ఉంది. ఎండలో నిలబెట్టిన రేకు కూడా అంత వేడెక్కుతుందని, ముందు బ్రేకులు అసలు పని చేయలేదనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదని చెప్పి, పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగింది. గాలి ఒత్తిడికి బయటికి వచ్చే కడ్డీ మీద సుద్దతో గీత గీసి, బ్రేకు తొక్కమంది. నాలుగో నంబరు డ్రైవరు తొక్కి పట్టుకున్నాడు. మేస్త్రీ వంగి చూస్తే, రెండంగుళాల లోపు ఆగాల్సిన కడ్డీ రెండున్నర దాటి బయటికి వచ్చి, ఇంక రావడానికి చోటు లేక ఆగిపోయి ఉంది. లైనింగు డ్రమ్మును తాకీ తాకనట్టుంది.

"ఇది బ్రేకు కాదు మేస్త్రీ గారూ, అలంకారం" అందామె కింది నుంచే.

మేస్త్రీ గురువు మాట చెప్పాడు. ఆవిడ పూర్తిగా విన్నది, నవ్వలేదు. ఆయన కాలంలో ఒక చక్రం పట్టి ఇంకోటి పట్టని బ్రేకులు ఉండి ఉంటాయని, అప్పటికి ఆయన చేసింది సబబే కావచ్చని అంది. తర్వాత అతని చేతిలోని స్పానరు అడిగి తీసుకుని, ముందు రెండు బోల్టులూ బిగించి, అర చుట్టు మాత్రం వదిలింది. నాలుగో నంబరు మళ్ళీ మూడు సార్లు దిగింది. ఈసారి వెనక రెండు వందలు దాటలేదు, ముందు నూట డెబ్భైకి వచ్చాయి. కిందటిసారి ఆగిన చోటుకు బండి పొడవంత ముందే ఆగింది. నాలుగో నంబరు డ్రైవరు మాత్రం దిగుతూనే గొణిగాడు. ముక్కు కిందికి కుంగుతోందట, స్టీరింగు బరువెక్కిందట.

ఆమె పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దుకుంటూ, డిస్కులు పెడితే బిగువు దానంతట అదే సర్దుకుంటుందని, ఇక ఎవరి చేతితోనూ పని లేదని, పాత డ్రమ్ములన్నీ తుక్కులోకి పోతాయని చెప్పింది. అందులో ఆమెకు వేరే ఉద్దేశమేమీ లేదు. మేస్త్రీకి మాత్రం తుక్కులోకి పోతాయన్న ముక్క చెవిలో నిలిచిపోయింది. వెళ్ళే ముందు ఆమె గొంతు తగ్గించి, తనను అడిగితే ఈ బండ్లకు ఇప్పుడు కొత్త బ్రేకులు అక్కర్లేదని, ఆ మాట తనన్నట్టు మాత్రం తన కంపెనీకి చెప్పవద్దని అంది. "మీరు ఏది రాసినా నేను కాదనను" అని కారెక్కింది.

అందరూ షిఫ్టు దిగే హడావిడిలో ఉండగా మేస్త్రీ అదే పలక పట్టుకుని ఏడో నంబరు కిందికి దూరాడు. వెనక డ్రమ్ములు నీలం తిరిగి ఉన్నాయి. లైనింగు గాజులా మెరుస్తోంది. ముందు చక్రాల దగ్గరికి జరిగి, మూత విప్పి, లైట్ వేసి చూశాడు. లైనింగు కొత్తదానిలాగే ఉంది. రివెట్ల గుంటల్లో నాలుగేళ్ళ నాటి దుమ్ము చెక్కుచెదరకుండా ఉంది. బోల్టు మీద స్పానరు పెట్టి బిగించుకుంటూ లెక్కపెట్టాడు. ఒకటి, ఒకటిన్నర. అక్కడ లైనింగు తగిలింది. ఎవరి చేతి పనో వేరే చెప్పక్కర్లేదు. బండిని నాలుగు చక్రాలు ఆపాల్సిన చోట రెండే ఆపాయి. కాలి కాలి అవి చేతులెత్తేశాయి. తోడల్లుడు మూడో గేర్లో కాక రెండులో దిగినా ఇంకో నెలకో రెండు నెలలకో అదే జరిగేది. తను ఇరవై రెండేళ్ళుగా చెప్పుకున్న గొప్ప ఇదన్నమాట. పని చేయని లైనింగు అరగకపోవడంలో గొప్పేముంది. మేస్త్రీకి సిగ్గేసింది. బండి కింద ఒంటరిగా ఉన్నా మొహం దాచుకోవాలనిపించేంత సిగ్గేసింది.

పైకి వచ్చేసరికి నాలుగో నంబరు డ్రైవరు కాచుకుని ఉన్నాడు. ఆవిడెవరో చెడగొట్టి పోయిన బండిని రేపటికి మళ్ళీ పాతలాగే పెట్టమన్నాడు. మేస్త్రీ స్పానరు తీసుకుని వెళ్ళి రెండు బోల్టులూ ఇంకో చుట్టు వదిలాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. ఆ క్షణంలో చెప్పడం కన్నా చెయ్యడం సులువనిపించింది.

ఆ పని వల్ల శుక్రవారం పొద్దున అతనికి ఒక్క నిమిషం స్తిమితం లేకపోయింది. నాలుగో నంబరు దిగుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది. అది కింద క్రషరు దగ్గర ఆగిందని తెలిసేదాకా షెడ్డు గుమ్మంలో నిలబడి చూసేవాడు. మూడు ట్రిప్పులు అలా గడిచాయి. నాలుగోది ఎక్కకముందే బండిని పక్కకు పెట్టించి, గ్రీజు పెట్టాలన్న వంకతో ముందు బోల్టులు బిగించి అర చుట్టే వదిలాడు. తక్కిన నాలుగు బండ్లకూ అన్నం వేళ లోపల అదే పని చేశాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆరుగురిలో మిగిలిన అయిదుగురు డ్రైవర్లూ స్టీరింగు బరువెక్కిందని సణుక్కున్నారు.

ఇంట్లో భార్యకు ఇవేవీ తెలియవు. మేనేజరు మీ మాట వింటాడు కదా, ఎల్లుండి చెల్లెలి మొగుడి గురించి ఒక్క మాట వేయరాదా అని గురువారం రాత్రి కూడా అడిగింది. అడిగిన మనిషి గొంతులో నిష్ఠూరం లేదు, బతిమాలడమే ఉంది. మేస్త్రీ కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగి సరాసరి తోడల్లుడి ఇంటికి వెళ్ళాడు. ముందు గదిలో తోడల్లుడు బల్ల మీద దుప్పటి పరిచి ఖాకీ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. విచారణకు ముడతలు లేకుండా పోవాలట. కనుబొమ మీద కుట్ల చుట్టూ వాపు ఇంకా తగ్గలేదు. మరదలు కుర్చీ లాగి వేసి, టీ పెడతానని లోపలికి పోయింది. తోడల్లుడు కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ, డిస్కులా డ్రమ్ములా, ఏం తేల్చావని అడిగాడు. తన బతుకు అటో ఇటో తేలే ముందు రోజు కూడా బండి సంగతి అడుగుతున్నాడు. మేస్త్రీకి అదే తట్టుకోవడం కష్టమైంది.

చెప్పాల్సిందంతా ఒక వరసలో చెప్పేశాడు. మీటరు, కడ్డీ, దుమ్ము చెదరని లైనింగు, చుట్టున్నర. తోడల్లుడు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

"ఆవిడ సరుకు అమ్ముకోవాలి అన్నయ్యా, ఎన్నైనా చెప్తుంది. పదకొండేళ్ళు నీ చేతి బండి నడిపాను. నీ చెయ్యి నాకు తెలుసు."

ఆవిడ సరుకు కొనవద్దనే చెప్పిందని మేస్త్రీ అన్నాడు. తోడల్లుడికి అదీ ఎక్కలేదు. మూడో గేరు తనదే తప్పని, ఆ రోజు పదకొండో ట్రిప్పు కావడంతో తొందరపడ్డానని, ముందు బ్రేకు బిగించిన బండి చచ్చినా ఎక్కనని అన్నాడు. పైగా తప్పు ఒప్పుకుంటూ మధ్యాహ్నమే కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడట. ఒప్పుకుంటే పాసు పోయినా గేటు దగ్గర కాపలా పని ఇస్తామని మేనేజరు మాటిచ్చాడట. ఆ మాట చెప్తూ మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుని, ఇస్త్రీ అయిన చొక్కా చేతినే మళ్ళీ చేశాడు.

మేస్త్రీ అనుకున్నది వేరు. తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చాడు. తిట్టించుకుంటే సగం బరువు దిగుతుందనుకున్నాడు. ఇతను తిట్టలేదు సరికదా, ఆ తప్పును తనే నెత్తిన పెట్టుకుని ఇవ్వనంటున్నాడు. ఇంక తను ఏమీ చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. డిస్కులు వస్తాయి, డ్రమ్ములు తుక్కులోకి పోతాయి, తోడల్లుడు గేటు దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంటాడు. ఆ ఊహ ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. అలా అనిపించినందుకు మేస్త్రీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడిన మరదలు అంతా విన్నది. ఒక గ్లాసు మొగుడికిచ్చి, రెండోది బావకు ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది.

"బావా, ఇక్కడ చెప్పిన మాట రేపు అక్కడ చెప్తారా?"

చెప్తానన్నాడు. అప్పుడు గ్లాసు ఇచ్చింది.

శనివారం మేనేజరు గదిలో ఫ్యాను తిరుగుతోంది, కిటికీ లోంచి దిగుడు దారి మొత్తం కనిపిస్తోంది. మేస్త్రీ రాసుకొచ్చిన కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. ఏ కొత్త బ్రేకులూ అక్కర్లేదు. ఉన్న డ్రమ్ములు, లైనింగు సరిపోతాయి. ముందు బోల్టు అర చుట్టు కన్నా ఎక్కువ వదలకూడదు. ఏడో నంబరు బండికి ముందు బ్రేకు అందకుండా చుట్టున్నర వదిలింది నేను, తనిఖీ కాగితం మీద సంతకం కూడా నాదే. కింద మళ్ళీ సంతకం.

మేనేజరు చదివి, కళ్ళజోడు తీసి, నాలుగో వాక్యం అవసరమా అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, పని సాఫీగా జరిగిపోవాలనుకునే మనిషి. డ్రైవరు సంతకం పెట్టేశాడని, పైవాళ్ళు కొత్త బ్రేకులకు ఒప్పుకున్నారని, ఇప్పుడు ఈ కాగితం పైకి పంపితే రెండూ తిరగదోడాలని వివరించాడు. మూడో గేరు అబద్ధం కాదు కదా అని కూడా అన్నాడు. అబద్ధం కాదని, ఆరుగురూ మూడులోనే దిగుతారని, పన్నెండు ట్రిప్పులు పెట్టింది మీరేనని మేస్త్రీ చెప్పాడు. తిలాపాపం తలా పిడికెడు అన్న లెక్క మొదలైతే అది ఎక్కడ దాకా పోతుందో మేనేజరుకు వెంటనే అర్థమైంది.

"ఒక ప్రమాదానికి ఒక తప్పు ఉంటే చాలు మేస్త్రీ. ఇద్దరిని ఇరికించడం దేనికి."

"అయితే ఆ ఒక్కరిని మార్చండి సార్."

మేనేజరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. బ్రేకుల పని మీ చేతిలో ఉండదు, తెలుసు కదా అన్నాడు. తెలుసన్నాడు మేస్త్రీ. బయట బెంచీ మీద ముడతలు లేని చొక్కాతో కూర్చున్న తోడల్లుడిని లోపలికి పిలిచారు. మేస్త్రీ అతని ముందు నుంచే వెళ్ళాడు గాని తలెత్తి చూడలేదు.

మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. బ్రేకుల పని రెండో మేస్త్రీకి. మేస్త్రీ సోమవారం నుంచి టైర్ల షెడ్డుకి. డ్రైవరు మీద చర్య ఉపసంహరించారు, కుట్లు విప్పగానే రెండో నంబరు బండి ఎక్కవచ్చు. దిగుడుకి రెండో గేరు తప్పనిసరి అన్న పాత వాక్యాన్ని మళ్ళీ అచ్చు వేసి పక్కనే అంటించారు. ట్రిప్పులు పన్నెండే ఉన్నాయి.

టైర్ల షెడ్డులో పని చెయ్యడం మేస్త్రీకి చేతగాకపోలేదు. రిమ్ము నుంచి టైరు విడదీసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, గుచ్చుకున్న రాయిని మొన ఉన్న ఇనుముతో పెకలించి, అతుకు వేసి, గాలి కొట్టి, తడి గుడ్డతో చుట్టూ తుడిచి బుడగలు చూడటం. రోజంతా అదే. అటు నుంచి వెళ్ళే డ్రైవర్లు పలకరించడం తగ్గించారు. స్టోరు గుమాస్తా లైనింగు జోకు మానేశాడు. ఎవరూ తిట్టలేదు. మేస్త్రీ అని పిలవడానికి మాత్రం అందరికీ నోరు కాస్త తడబడుతోంది. ఇంట్లో భార్య రెండో రోజు అన్నం వడ్డిస్తూ, చెల్లెలు మీ ఆరోగ్యం అడిగిందని మాత్రం చెప్పింది.

బుధవారం పొద్దున రెండో నంబరు బండి రాయి నింపుకుని వచ్చి బ్రేకుల షెడ్డు ముందు ఆగింది. టైర్ల షెడ్డుకి అది ముప్పై అడుగులు. మేస్త్రీ టైరు మీద వంగి ఉన్నవాడల్లా తలెత్తాడు. తోడల్లుడు క్యాబిన్ దిగి, రెండో మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్తున్నాడు. రెండో మేస్త్రీ తలాడిస్తున్నాడు. తర్వాత పలక మీద పడుకుని ముందు చక్రం వెనక్కి జరిగాడు. అక్కడి నుంచి స్పానరు కాడ చివర మాత్రమే కనిపిస్తోంది. అది ఎటు తిరుగుతోందో తెలియడానికి మేస్త్రీకి అంత చాలు. వదులు వైపు ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరగబోయింది.

మేస్త్రీ చేతిలోని ఇనుము కింద పెట్టి నడిచాడు. ఎందుకు వదులుతున్నావని రెండో మేస్త్రీని అడిగాడు. ఇప్పుడు బ్రేకులు తన పని అని చెప్పడానికి అతనికి మొహమాటం అడ్డొచ్చింది. డ్రైవరు అడిగాడని మాత్రం అన్నాడు. తోడల్లుడు దాచలేదు.

"నిన్న నాలుగు ట్రిప్పులు వేశాను. చేతులు లాగేస్తున్నాయి. నువ్వు పెట్టేదే పెట్టమన్నాను అన్నయ్యా. నీ పద్ధతే."

మేస్త్రీకి కోపం రాలేదు, భయం వేసింది. తను పోగొట్టుకున్నదంతా ఎవరికోసం పోగొట్టుకున్నాడో, ఆ మనిషే తన పేరు చెప్పి అదే ప్రమాదాన్ని మళ్ళీ తెచ్చి పెట్టుకుంటున్నాడు. నోటితో చెప్పాల్సింది ఆ శుక్రవారమే చెప్పేశాడు. కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. రెండో మేస్త్రీ చేతిలోంచి స్పానరు తీసుకుని, పలక మీద పడుకుని, రెండు వైపులా బిగించి అర చుట్టు వదిలాడు. కడ్డీ మీద సుద్ద గీత గీసి, తొక్కించి, కొలిచాడు. ఎవరూ వద్దనలేదు. లేచి చేతులు తుడుచుకుని, అవతలి వైపు తలుపు తీసుకుని క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు.

"పద. ఇది నేనెక్కిన బండి. నీకు భయమైతే దిగు, నేను నడుపుతా."

దిగమంటే దిగే రకం కాదు తోడల్లుడు. మొహం గంటు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి మొదటి మలుపు దాకా నెమ్మదిగా పోయింది. ఇన్నేళ్ళలో మేస్త్రీ నిండు బండిలో ఈ కొండ దిగడం ఇదే మొదటిసారి. వర్క్‌షాపులో బోల్టులు లెక్కపెట్టే మనిషికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ముందు అద్దంలో దారి కనిపించలేదు, నేరుగా కింద క్రషరు, దాని చుట్టూ తిరుగుతున్న మనుషులు కనిపించారు. వెనక ఇరవై టన్నుల రాయి ముందుకు నెడుతున్నట్టు వీపుకి తెలుస్తోంది. ఈ దారిని వీళ్ళు రోజుకి పన్నెండు సార్లు, తన చుట్టున్నర మీద నమ్మకం పెట్టి దిగారు. మేస్త్రీ కుడి కాలు తనకు తెలియకుండానే నేలను తొక్కుతోంది.

"అటువైపు బ్రేకు ఉండదు అన్నయ్యా" అన్నాడు తోడల్లుడు. అప్పటిదాకా ముడుచుకున్న మూతి కాస్త సడలింది.

రెండో మలుపు వచ్చింది. మట్టికట్ట మీద ఏడో నంబరు ఎక్కిన గాడి ఇంకా పూడ్చలేదు. తోడల్లుడి చేతులు స్టీరింగు మీద బిగుసుకోవడం మేస్త్రీ చూశాడు. అక్కడ వదులు కంకర ఉంది. గురువు చెప్పిన చోటంటే అలాంటిదే. తోడల్లుడు బ్రేకు తొక్కాడు. ముక్కు కుంగింది, సీటు కింద ఏదో గట్టిగా పట్టుకున్నట్టయింది. బండి నిదానించింది. స్టీరింగు తిప్పినంతే తిరిగింది. మలుపు దాటాక, అవసరం లేకపోయినా, తోడల్లుడు మళ్ళీ ఒకసారి తొక్కి బండిని దారి మధ్యలో పూర్తిగా ఆపేశాడు. ఆగిన బండి అంగుళం కదలలేదు.

అతను పెడలు మీది నుంచి కాలు తియ్యలేదు.

"ఇది ఇన్నాళ్ళూ బండిలోనే ఉందా అన్నయ్యా?"

"ఉంది."

"మరి మాకెందుకివ్వలేదు?"

గురువు మాట, లోయలో పడిన బండి, వెన్నలా తిరిగే స్టీరింగు, అన్నీ మేస్త్రీ నోటి దాకా వచ్చాయి. వాటిలో ఏదీ ఈ ప్రశ్నకు జవాబు కాదు. కింద మనుషులు పనిచేసుకుంటున్నారు, ఎవరూ పైకి చూడటం లేదు.

"నాకు తెలియదు తమ్ముడూ. తెలుసనుకున్నాను."

వెనక నాలుగో నంబరు వచ్చి హారను కొట్టింది. తోడల్లుడు గేరును రెండులోకి వేసి, బండిని నెమ్మదిగా కిందికి దింపాడు.